మనవాణ్ని లోపలేశారు: కోఠి నుంచి నాంపల్లి దాకా వినిపించే అపోహలు

కోఠి, అబిడ్స్ వీధుల్లో ఎవరినైనా పోలీసులు తీసుకెళ్తే ఇంటివాళ్ల పరుగు ఠాణాతో మొదలవుతుంది. మర్నాడు అది నాంపల్లి క్రిమినల్ కోర్టులకు, అక్కణ్నుంచి చంచల్‌గూడ జైలు ములాఖత్ వరుసకు మారుతుంది. దారి పొడవునా సలహాలకు కరువుండదు. టీకొట్టు దగ్గరి మనిషి, జిరాక్సు సెంటర్ కుర్రాడు, ఎదురింటి బాబాయి, అందరూ చెప్పేవాళ్లే. ఆ మాటల్లో సగం సినిమాల్లోంచి వచ్చినవి, సగం ఎప్పుడో ఎవరికో జరిగినవి.

“పోలీసులను ఏమీ అడగొద్దు, అడిగితే ఇంకో రెండు సెక్షన్లు పెడతారు.”

అన్నిటికంటే ముందు వినిపించేదీ, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. “నా కొడుకును రాత్రి తీస్కపోయిన్రు సార్, ఏం కేసో చెప్తలేరు” అని అడిగే తల్లికి “పొద్దున రామ్మా” అనే జవాబు చాలదు. కారణం చెప్పాలనీ, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలనీ రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. ఆదివారమైనా, పండగైనా మేజిస్ట్రేటు ఇంటికి తీసుకెళ్లాల్సిందే. అరెస్టు సంగతి ఇంటివాళ్లకో స్నేహితుడికో చెప్పాలన్నది 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. అరెస్టుకు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలనీ, వెంటనే వీలుకాకపోతే కనీసం రిమాండుకు రెండు గంటల ముందైనా ఇవ్వాలనీ సుప్రీంకోర్టు 2025 నవంబరులో స్పష్టం చేసింది. అంటే తెలుగు తప్ప మరొకటి రానివాడి చేతిలో ఇంగ్లిష్ కాగితం పెడితే సరిపోదు.

ఇంటివాళ్లు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది చేయరు. మనిషిని ఎన్ని గంటలకు, ఎక్కణ్నుంచి తీసుకెళ్లారో వెంటనే కాగితం మీద పెట్టాలి. 24 గంటల లెక్క అంతా ఆ టైము మీదే నడుస్తుంది. అరెస్టు మెమోలో వేరే టైము కనిపిస్తే రిమాండు సమయంలోనే మేజిస్ట్రేటుకు చెప్పాలి, రెండు నెలల తర్వాత చెబితే వినేవాళ్లుండరు. వెనక ఇలాంటప్పుడు టెలిగ్రాం కొట్టేవారు. అది 2013లో ఆగిపోయింది. ఇప్పుడు కమిషనర్‌కు అబిడ్స్ జీపీఓ నుంచి స్పీడ్ పోస్టు వేసి రసీదు దాచుకోవచ్చు, లేదా ఈమెయిల్ పెట్టొచ్చు. దాంతో మనిషి ఆ రాత్రే ఇంటికి వస్తాడని కాదు. తర్వాత లాయరు వాదించడానికి చేతిలో ఒక తేదీ, ఒక టైము ఉంటాయి.

“పోలీసుల ముందు ఒప్పుకున్నాడంట, ఇక కేసు అయిపోయినట్టే.”

ముఖానికి ముసుగేసి ప్రెస్‌మీట్‌లో నిలబెడితే ఇరుగుపొరుగు ఆ సాయంత్రమే తీర్పు చెప్పేస్తారు. కానీ పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే దానికి సంబంధించిన ముక్క మాత్రమే కోర్టు చూస్తుంది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య కేసు గుర్తుందా? 2008లో అరెస్టయిన సత్యంబాబు నేరం ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు. 2010లో శిక్ష కూడా పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషి అంది. ఈలోగా ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచాయి. చట్టం ఒప్పుకోలును కొట్టేస్తుంది, నిజమే. కొట్టేసేదాకా గడిచిన కాలం సంగతి మాత్రం చట్టంలో లేదు.

“తొంభై రోజులు ఓపిక పడితే వాళ్లే వదిలేస్తారు.”

వాళ్లంతట వాళ్లు వదలరు. మామూలు నేరాల్లో 60 రోజుల్లో, మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లకు తగ్గని శిక్ష పడే వాటిలో 90 రోజుల్లో ఛార్జ్‌షీటు రాకపోతే బెయిల్ హక్కు పుడుతుంది. ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల్లో ఈ గడువు 180 రోజుల దాకా, పెద్ద మొత్తం మత్తుమందుల కేసుల్లో కోర్టు అనుమతిస్తే ఏడాది దాకా సాగుతుంది. గడువు దాటిన రోజే పిటిషన్ పడాలి. లాయరు “సోమవారం వేద్దాం” అన్నాడు, శనివారమే ఛార్జ్‌షీటు పడింది అనుకోండి, హక్కు పోయినట్టే. గోడ మీద క్యాలెండర్‌లో అరవయ్యో రోజు, తొంభయ్యో రోజు చుట్టూ గీత గీసుకోవాల్సింది ఇంటివాళ్లే.

“బెయిల్ వచ్చిందిగా, సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు.”

ఉత్తర్వు వచ్చాక పూచీకత్తు, ఆ కాగితాల తనిఖీ, విడుదల ఉత్తర్వు జైలుకు చేరడం అన్నీ ఉంటాయి. ష్యూరిటీలు దొరక్క వారాల తరబడి లోపలే ఉండిపోయేవాళ్లు ఎక్కువగా కూలీలు, వలస వచ్చినవాళ్లు. నగరంలో వాళ్లకు సొంతిల్లుండదు, ఇంటిపన్ను రసీదుండదు. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీమేస్త్రీ కేసు ఇలాంటిదే. పది వేల పూచీకత్తు అడిగి, అతని సోదరుడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నాడు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టారు. చాందినీ చౌక్‌లో పట్టుబడిన తెలుగువాడు పూచీదారును ఎక్కణ్నుంచి తేవాలని కూడా ఆ తీర్పులో అడిగారు. వేరే జిల్లావాడని ష్యూరిటీని తోసిపుచ్చితే ఆ తీర్పు చూపించొచ్చు. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కోర్టు గేటు దగ్గర అద్దె ష్యూరిటీ ఇప్పిస్తామనేవాణ్ని నమ్మితే మాత్రం ఇంకో కేసు మీద పడుతుంది.

డబ్బుల్లేక లాయరు లేడన్న బాధకు చట్టంలో మందుంది. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయాలి.

“బెయిల్ ఇచ్చింది కోర్టు కదా, ఇక పోలీసులు ముట్టుకోరు.”

ముట్టుకోగలరు, పీడీ (ముందస్తు నిర్బంధ) యాక్ట్ ఉంది. 1986 నాటి ఈ చట్టం కింద విచారణ లేకుండానే గరిష్ఠంగా ఏడాది దాకా నిర్బంధించొచ్చు. హైదరాబాద్‌లో ఇలా పట్టుకెళ్లిన భర్త కోసం ఒక ఇల్లాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 సెప్టెంబరు 4న కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, తెలంగాణ పోలీసులు ఈ చట్టాన్ని వాడుతున్న తీరును గట్టిగా మందలించింది. మామూలు శాంతిభద్రతల సమస్యకూ ప్రజాజీవితాన్నే కుదిపేసే ప్రమాదానికీ తేడా చూడమంది. పీడీ ఉత్తర్వు చేతికొస్తే మళ్లీ బెయిల్ పిటిషన్ వేసి ఉపయోగం లేదు. సలహా మండలి ముందు అభ్యంతరం చెప్పుకోవాలి, హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయాలి.

“నిర్దోషి అని తేలితే ప్రభుత్వం పరిహారం ఇస్తుంది.”

మక్కా మసీదు పేలుడు 2007 మే 18న జరిగింది. ఆ తర్వాత నగరంలో చాలామంది ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. కొందరిపై కేసులు పెట్టారు, అవి కోర్టులో నిలవలేదు. జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసుతో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కొట్టివేసిన కేసుల్లోని వారికి ₹3 లక్షల చొప్పున, నిర్బంధించి వదిలేసిన వారికి ₹20,000 చొప్పున ఇచ్చింది. వారి నడవడి మంచిదని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. నిర్దోషిగా తేలినంత మాత్రాన పరిహారం హక్కు కాదంది. ఇక పేలుడు అసలు కేసులో నాంపల్లి ఎన్‌ఐఏ కోర్టు 2018 ఏప్రిల్ 16న ఐదుగురు నిందితులనూ వదిలేసింది. మసీదులో చనిపోయినవాళ్ల ఇళ్లలో అడిగే ప్రశ్న కూడా అరెస్టయినవాళ్ల ఇళ్లలో అడిగేదే: మరి చేసిందెవరు? 2007లోనే ఆగస్టు 25న కోఠి గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో పేలిన బాంబుల కేసుకు 2018 సెప్టెంబరులో తీర్పొచ్చింది. ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవం పడ్డాయి. ఇద్దరు నిర్దోషులన్నారు.

పరిహారం అసలే ఉండదని కూడా కాదు. సత్యంబాబుకు హైకోర్టు ఖర్చుల కింద లక్ష రూపాయలు ఇప్పించింది. విడుదల కావాల్సిన తర్వాత కూడా 14 ఏళ్లు జైల్లో ఉంచిన బిహార్ వ్యక్తికి 1983లో సుప్రీంకోర్టు ₹35,000 ఇప్పించింది. ఇవన్నీ ఆయా కోర్టులు తలచుకుంటే ఇచ్చినవి. అన్యాయపు ప్రాసిక్యూషన్‌కు పరిహార చట్టం తేవాలని లా కమిషన్ 2018లో 277వ నివేదిక ఇచ్చింది. కొత్త నేర చట్టాలు 2024లో అమల్లోకి వచ్చాయి, వాటిలో ఆ సిఫారసు లేదు. పాత చట్టం నుంచి దించిన 399వ సెక్షన్ మాత్రం నాగరిక్ సురక్షా సంహితలో ఉంది: సరైన ఆధారం లేకుండా అరెస్టు చేయించిన ఫిర్యాదుదారుడి నుంచి బాధితుడికి గరిష్ఠంగా ₹1,000.