ఐమూల వంతెన: కమాను పక్కకు జారిపోదేం?

ప్రశ్న: రైలుపట్టాలనో కాలువనో ఐమూలగా దాటే పాతకాలపు కమాను వంతెనల అడుగున రాళ్ళ వరసలు మరమేకు చుట్లలా మెలితిరిగి ఉంటాయి. ఎందుకలా కట్టారు? ఎలా కట్టగలిగారు?

జవాబు: ముందు మామూలు కమాను సంగతి చూద్దాం. అందులో రాళ్ళను పట్టి ఉంచేది ముఖ్యంగా సున్నం కాదు, ఒకదాన్నొకటి నొక్కుకోవడమే. పైబరువు రాయి నుంచి రాయికి దిగుతూ చివరికి రెండువైపులా ఉన్న ఒడ్డుగోడల్లోకి పోతుంది. ఈ తోపుడు రాళ్ళ మధ్య అతుకుకు లంబంగా తగిలినంతసేపూ రాయి కదలదు, బాగా వాలుగా తగిలితే జారజూస్తుంది. తిన్నగా దాటే వంతెనలో వరసలు గోడలకు సమాంతరంగా ఉంటాయి కాబట్టి తోపుడు ఈ గోడ నుంచి ఆ గోడకు సూటిగా పోతుంది. పేచీ లేదు.

ఐమూలగా కడితే వచ్చే చిక్కేమిటి?

కాగితం మీద రెండు సమాంతర గీతలు గీయండి. అవి ఒడ్డుగోడలు. వాటి మధ్య వంతెనను ఐమూలగా గీస్తే సమాంతర చతుర్భుజం వస్తుంది. అందులో రెండు మూలలు అల్పకోణాలు, రెండు అధికకోణాలు. ఇప్పుడు అల్పకోణపు మూలకు దగ్గర్లో, ఒక గోడ మీద పెన్సిలు పెట్టి, గోడకు లంబంగా అవతలి గోడ వైపు గీత గీయండి. అది గోడను చేరకముందే వంతెన అంచు దాటి బయటికి పోతుంది.

వరసలను అలవాటు ప్రకారం గోడలకు సమాంతరంగానే పేరిస్తే తోపుడు పోజూసే దారి ఆ గీతే. అంటే ఆ మూలనున్న రాళ్ళకు అవతల ఆనుకునే గోడ లేదు. నడిమి భాగం నిలుస్తుంది, మూలలు ఊడిపోయే ప్రమాదం ఉంటుంది. ఐమూల ఇంకా ఎక్కువైతే ఏ ఒక్క గీతా అవతలి గోడను చేరదు. అప్పుడు నడిమి భాగానికీ దిక్కుండదు.

మరి ఈ మెలితిరిగిన వరసలు రాకముందు ఏం చేసేవారు?

చాలాచోట్ల దారినే వంచేవారు. బండిబాట వంతెన దగ్గర ఒక మలుపు తిరిగి, కాలువను తిన్నగా దాటి, అవతల మళ్ళీ మలుపు తిరిగేది. లేదంటే సన్నని తిన్నని కమానులను ఒకదాని పక్కన ఒకటి, కొద్దికొద్దిగా జరుపుతూ మెట్లుమెట్లుగా కట్టేవారు. ఐర్లండులో కిల్డేర్ కాలువ పనులు చూసిన విలియం చాప్‌మన్‌కు ఈ మలుపుల బాధ నచ్చలేదు. 1787లో నేస్ పట్టణం దగ్గర ఫిన్లే వంతెన కట్టినప్పుడు ఆయన రాళ్ళ వరసలనే తిప్పేశాడు. గోడలకు సమాంతరంగా కాక, వంతెన ముఖానికి దాదాపు లంబంగా పేర్పించాడు. దాంతో తోపుడు రోడ్డు వెంబడే నడిచి, అవతలి గోడను చేరింది.

బండి మలుపు తిరుగుతుంది, రైలు అంత సులువుగా తిరగదు. అందుకే రైళ్ళు వచ్చాక ఈ పద్ధతికి గిరాకీ పెరిగింది. 1830లో మొదలైన లివర్‌పూల్-మాంచెస్టర్ రైలుమార్గంలో, రెయిన్‌హిల్ దగ్గర అప్పటికే ఉన్న రోడ్డు పట్టాలను 34 డిగ్రీల కోణంలో దాటాలి. గోడల మధ్య తిన్నటి దూరం 30 అడుగులే అయినా, రోడ్డు వెంబడి కొలిస్తే 54 అడుగులు. జార్జ్ స్టీఫెన్‌సన్ కట్టించిన ఆ వంతెన మీద ఈనాటికీ వాహనాలు తిరుగుతున్నాయి.

వరసలను ఎంత తిప్పాలో ఎలా లెక్కగట్టేవారు?

ఒక కాగితాన్ని గొట్టంగా చుట్టి, కత్తెరతో ఐమూలగా కోసి, విప్పి చూడండి. కోసిన అంచు తిన్నగా ఉండదు, అలలా వంపు తిరుగుతుంది. కమాను అంటే ఆ గొట్టంలో సగం లేదా అంతకన్నా తక్కువ ముక్క. దాని అడుగుభాగాన్ని ఇలా పరిచి గీసుకోవడమే అసలు కిటుకు. వంపు అంచు రెండు కొసలనూ ఒక తిన్నని గీతతో కలపాలి. ఆ గీతకు లంబంగా, సమానదూరంలో వరుసగా గీతలు గీయాలి. కాగితాన్ని మళ్ళీ వంచితే ఆ తిన్నని గీతలే మర చుట్లవుతాయి. అవే రాళ్ళ వరసలు.

పని జరిగే చోట ఈ గీతలను చెక్క సెంట్రింగు మీదికి ఎక్కిస్తే, మేస్త్రీలు వాటి వెంబడి పేర్చుకుంటూ పోతారు. ఒక్కచోట మాత్రం తంటా ఉంది. వరసలు ఒడ్డుగోడను వాలుగా తాకుతాయి కాబట్టి, గోడ పైవరసలోని రాళ్ళను రంపపు పళ్ళలా చెక్కాలి. ప్రతి వరసా అలాంటి ఒక పంటి మీద ఆనుతుంది. పీటర్ నికల్సన్ 1828లో రాతిపని మీద వేసిన పుస్తకంలో ఈ గీతల పనిని వివరించాడు. జార్జ్ వాట్సన్ బక్ 1839లో ఐమూల వంతెనల మీదే ఒక పుస్తకం రాసి, త్రికోణమితి లెక్కలతో సూత్రాలు ఇచ్చాడు.

ఈ మర పద్ధతి పూర్తిగా సరైనదేనా?

కాదు. అది ఒక రాజీ. అలను తిన్నని గీతగా అనుకున్నాం కదా, ఆ తేడా కమాను అడుగుకొసల దగ్గర బయటపడుతుంది. అక్కడ వరసలు తోపుడుకు లంబంగా ఉండవు. పూర్తి అర్ధవృత్తపు కమానులో ఈ లోపం ఎక్కువ. అందుకే ఇంజనీర్లు వంపు తక్కువగా ఉన్న కమానులవైపు మొగ్గారు.

ఎడింబరోకు చెందిన గణితజ్ఞుడు ఎడ్వర్డ్ సాంగ్ 1835లో ఇంకో దారి చూపాడు. అందులో ప్రతి వరసా ప్రతి బిందువు దగ్గరా తోపుడు దారికి లంబంగానే ఉంటుంది. గోడ దగ్గరికి వచ్చేసరికి వరసలు దానికి సమాంతరంగా సర్దుకుంటాయి కాబట్టి రంపపు పళ్ళతో పని లేదు. కానీ ఒక్కో వరస ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటుంది. ఏ రాయికి ఆ రాయిని విడిగా కొలిచి చెక్కాలి. ఇటుకతో అసలు కుదరదు. మర పద్ధతిలో వరసలన్నీ ఒకే మందం. అంచు రాళ్ళను మాత్రం చెక్కించి, లోపలంతా మామూలు ఇటుక పేర్చుకోవచ్చు. లెక్కలో సాంగ్‌దే పైచేయి. అయినా ఎక్కువ వంతెనలు మర పద్ధతిలోనే లేచాయి. లోపం ఎక్కడుందో తెలిసినప్పుడు దాన్ని కాచుకోవచ్చు, ప్రతి రాయికీ ఒక కొత్త కొలత అంటే ఖర్చూ కాలమూ చేతికందవు.

ఇప్పుడు కాంక్రీటు వచ్చాక ఈ బాధ తీరిందా?

వరసల బాధ తీరింది. ఐమూల బాధ తీరలేదు. కాంక్రీటు పలకను ఐమూలగా వేసినా బరువు దగ్గరి దారినే వెతుక్కుంటుంది. అది అధికకోణపు మూలల మధ్య దారి. అందుకే ఆ మూలల కింద బేరింగుల మీద భారం ఎక్కువ పడుతుంది, అల్పకోణపు మూల ఒక్కోసారి పైకి లేవజూస్తుంది. ఇంజనీరు అక్కడ ఇనుము కూర్పు మార్చాల్సిందే. రాయితో కట్టినా కాంక్రీటుతో కట్టినా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే: బరువు ఏ దారిన పోతుంది? పాతవాళ్ళు ఆ జవాబును వరసల్లో చూపించారు, ఇప్పటివాళ్ళు కాంక్రీటు లోపలి ఊచల్లో దాస్తున్నారు.