పల్లీ గింజలో 2,835 కేలరీలు, గ్లాసులోకి చేరినవి ఎన్ని?

వంద గ్రాముల పల్లీల్లో సుమారు 567 కిలో కేలరీలుంటాయని పోషకాహార పట్టికలు చెబుతాయి. అంటే అర గ్రాము గింజలో 2,835 కేలరీలు. గ్రాము నీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కేలరీ కావాలి. కాబట్టి గింజను సూదికి గుచ్చి అంటించి, పైన వంద మిల్లీలీటర్ల నీళ్లున్న స్టీలు గ్లాసు పెడితే, ఆ నీళ్లు 28 డిగ్రీలు వేడెక్కాలి. ఏనుమాముల మార్కెట్ ఉన్న వరంగల్‌లో పల్లీలకు కరువేముంది? ల్యాబ్ లేని బడిలోనూ చేయించదగ్గ ప్రయోగమిది.

అయితే థర్మామీటర్ అంత పైకి లేవదు. పది డిగ్రీలు పెరిగిందనుకుందాం. నీటికి చేరినవి 1,000 కేలరీలు. 80 గ్రాముల గ్లాసు కూడా వేడెక్కింది. స్టీలు విశిష్టోష్ణం 0.12 కనుక దాని వాటా 80 × 0.12 × 10 = 96. మొత్తం 1,096. రావాల్సిన దాంట్లో 39 శాతం. మరి మిగతా 1,739 ఎటు పోయాయి?

చాలాచోట్ల పాఠం చెడేది ఇక్కడే. ‘ప్రయోగ దోషం’ అని ఒక ముక్క రాసేసి, రికార్డులో ‘సరైన’ జవాబు దిద్దుకుంటారు. అసలు నేర్చుకోవాల్సిందంతా ఆ 1,739లోనే ఉంది. మంట చుట్టూ రెండువైపులా తెరిచిన డబ్బా నిలబెట్టండి, గ్లాసుకు రేకు మూత వేయండి. లెక్క కొంత పెరుగుతుంది. పెరిగినంత మేరా ఇందాక గాలిపాలైన వేడి. గ్లాసు అడుగున పేరుకున్న మసి, సూదిపై మిగిలిన నల్లటి ముద్ద పూర్తిగా కాలని ఇంధనం. నష్టానికి ఇలా పద్దు రాయడమే కెలోరీమెట్రీ.

ఈ లీకులన్నీ దాదాపుగా మూసేసిన పరికరమే బాంబ్ కెలోరీమీటర్. మందపాటి ఉక్కు పాత్రలో 25-30 వాతావరణ పీడనాల ఆక్సిజన్ నింపి, దాన్ని నీటిలో ముంచి, లోపల నమూనాను కాలుస్తారు. పరికరం సరిగా ఉందో లేదో చూడటానికి ముందుగా బెంజోయిక్ ఆమ్లం మండిస్తారు: గ్రాముకు సుమారు 6,318 కేలరీలు రావాలి.

బాంబ్ కెలోరీమీటర్ ఇచ్చే అంకెల మీదే మన బొగ్గు ధర నడుస్తోంది. దేశంలో బొగ్గును 300 కిలో కేలరీల మెట్లుగా జి-1 నుంచి జి-17 దాకా విభజించారు. ఉమ్మడి వరంగల్‌లో భాగమైన భూపాలపల్లి దగ్గర, చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యం 500, 600 కలిపి 1,100 మెగావాట్లు. ఒక యూనిట్ కరెంటంటే 860 కిలో కేలరీలు. యూనిట్‌కు 2,300 కిలో కేలరీల బొగ్గు పడుతుందనుకుంటే, కరెంటుగా మారేది 37 శాతమే. బొగ్గు జి-12 రకం, కిలోకు 3,800 అనుకోండి. యూనిట్‌కు 600 గ్రాములు పైనే. పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే 2.64 కోట్ల యూనిట్లు, దాదాపు 16,000 టన్నుల బొగ్గు.

గ్లాసు దగ్గర 39, చెల్పూరులో 37. చూడ్డానికి ఒకలాంటివే, కానీ రెండూ ఒకటి కావు. గ్లాసు దగ్గర పోయింది మన ఏర్పాటు లోపం, తగ్గించుకోవచ్చు. థర్మల్ కేంద్రంలో ఎక్కువ భాగం ప్రకృతి పెట్టిన హద్దు. ఆవిరి 540 డిగ్రీలు, కండెన్సర్ 45 డిగ్రీలు అయితే, 1824లో సాదీ కార్నో చూపిన దారిలో గరిష్ఠం (డిగ్రీలను కెల్విన్‌లోకి మార్చి) 1 − 318/813, అంటే 61 శాతం. ఎంత గొప్ప ఇంజినీరైనా ఆ గీత దాటలేడు. ఉష్ణగతిక శాస్త్రపు మొదటి నియమం పద్దు సరిచూస్తుంది, రెండో నియమం హద్దు గీస్తుంది. ఇంటర్ రసాయనశాస్త్రంలో ఉష్ణగతిక శాస్త్రం మొదలుపెట్టే ముందు పిల్లల చేత ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేయిస్తే, ఎంట్రోపీ దగ్గర అంత బెదరరు.

సార్లకు, మేడమ్‌లకు ఒక మాట: మార్కులు జవాబుకు కాదు, పోయిన వేడికి రాసిన పద్దుకు వేయండి. కిటికీలు తెరిచి చేయించండి. పల్లీలు పడని పిల్లలుంటే ఎండు కొబ్బరి ముక్క వాడండి. అప్పుడు లెక్కలో 567కు బదులు సుమారు 660 వేసుకోవాలి.