ఉర్లా మోతలో ఇంగ్లిష్ పరీక్ష

రాయపూర్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి ఫాఫాడీ, ఖమ్తరాయ్, భన్‌పురి మీదుగా ఉత్తరానికి వెళ్తుంటే ఇళ్లు పలచబడి రేకుల షెడ్లు మొదలవుతాయి. బీర్‌గావ్ తగిలిందంటే ఉర్లా వచ్చినట్టే. కాగితాల్లో అదొక ఊరు. రాయపూర్ వాళ్ల నోట మాత్రం ఉర్లా అంటే ఫ్యాక్టరీలే. స్పాంజ్ ఐరన్ బట్టీలు, ఇండక్షన్ ఫర్నేసులు, రోలింగ్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ యూనిట్లు, వాటి మధ్య సందుల్లో కార్మికుల గదులు, కిరాణా కొట్లు, పోహా బండ్లు. రాత్రి ఉతికి ఆరేసిన చొక్కా తెల్లారేసరికి బూడిద రంగుకు తిరుగుతుంది. డాబా ఊడ్చిన చీపురు నల్లబడుతుంది. రాయపూర్‌లో ఈ నల్లదుమ్ము మీద ఏళ్లుగా గొడవ జరుగుతూనే ఉంది, దుమ్ము పడుతూనే ఉంది.

బైలాడిలా కొండల ఇనుప రాయి, కోర్బా బొగ్గు కలిసే చోటు ఇది. రెంటినీ పొడవాటి గొట్టపు బట్టీలో వేసి, వెయ్యి డిగ్రీల వేడిలో తిప్పుతూ కాలిస్తే స్పాంజ్ ఐరన్. దాన్ని కరిగించి పోత పోస్తే బిల్లెట్. బిల్లెట్‌ను మళ్లీ ఎర్రగా కాల్చి రోలర్ల మధ్య నుంచి సాగదీస్తే ఇళ్ల స్లాబుల్లో వేసే చువ్వ. ఇందులో ఏ ఒక్క పనీ చప్పుడు లేకుండా జరగదు. పైగా ట్రెయిలర్ల హారన్లు.

మార్చి వస్తే పిల్లల పరీక్షలు ఈ మోతలోనే. ఇక్కడ ఇంటర్ అంటే ఎవరికీ తెలియదు. ‘బారహవీ బోర్డు’ అంటారు, పన్నెండో తరగతి. రాయపూర్‌లోని ఛత్తీస్‌గఢ్ మాధ్యమిక శిక్షా మండల్ ఆ పరీక్ష నడుపుతుంది. పరీక్షలు దగ్గర పడగానే కలెక్టర్లు లౌడ్‌స్పీకర్ల మీద ఆంక్షలు పెడతారు. అందుకు పనికొచ్చే చట్టం ఉమ్మడి మధ్యప్రదేశ్ నాటిది, 1985 కోలాహల నియంత్రణ చట్టం. పెళ్లి ఊరేగింపు డీజేలకూ, భజన మైకులకూ ఆ ఉత్తర్వు వర్తిస్తుంది. మిల్లుల జోలికి పోదు.

తమాషా ఏమిటంటే, ఇక్కడి ఇంగ్లిష్ పేపర్లలో తరతరాలుగా తిరుగుతున్న ఉత్తరం ప్రశ్న కూడా అదే. పరీక్షల రోజుల్లో లౌడ్‌స్పీకర్ల మోత ఆపించమని కలెక్టరుకు దరఖాస్తు రాయండి. గైడ్లలో దానికి తయారు జవాబు ఉంటుంది. పైన ఎడమ పక్క ‘టు’, కింద విషయం, తర్వాత ‘రెస్పెక్టెడ్ సర్’, చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’. పిల్లలు కామాలతో సహా బట్టీ పడతారు. ఉర్లా కుర్రాడు ఇంట్లో మిల్లు చప్పుడు మధ్య కూర్చుని, లౌడ్‌స్పీకర్ల వల్ల చదువు సాగడం లేదని ఇంగ్లిష్‌లో వల్లె వేస్తాడు. మిల్లు గురించే రాయొచ్చు కదా అంటే, రాయొచ్చు. కానీ గైడులో ఆ వాక్యం లేదు. సొంతంగా రాస్తే తప్పు పోతుందేమోనని భయం. ఈ పరీక్షలో నాకు నచ్చని సంగతి ఇదే: పిల్లవాడికి తెలిసిన బాధను వాడి చేత చెప్పించదు, తెలిసినవాళ్లెవరో రాసిపెట్టిన బాధను వాడి చేత దించి రాయిస్తుంది.

పరీక్ష రోజు నిశ్శబ్దం సంగతికొస్తే చైనా వాళ్లను చూడాలి. పన్నెండో తరగతి అవగానే అక్కడి పిల్లలు రాసే గావోకావో జూన్ 7న మొదలవుతుంది. 2024లో దానికి పేర్లిచ్చినవాళ్లు 1 కోటి 34 లక్షల పైచిలుకు. మొత్తం 750 మార్కుల్లో విదేశీ భాష వాటా 150. చైనీస్‌కూ లెక్కలకూ కూడా అంతే. దాదాపు అందరూ ఇంగ్లిషే ఎంచుకుంటారు. సాంస్కృతిక విప్లవం ముగిశాక 1977లో ఈ పరీక్షను తిరిగి మొదలుపెట్టిన కొత్తలో ఇంగ్లిష్‌కు ఇంత బలం లేదు. మార్కుల్లో కొంత కొంత శాతం కలుపుకుంటూ వచ్చి, 1983కు పూర్తి మార్కులు లెక్కలోకి తెచ్చారు. చాలా ప్రావిన్సుల్లో ఈ పేపరు మొదలయ్యేదే చెవులతో. స్పీకర్లో సంభాషణలు వినిపిస్తారు, విని జవాబులు గుర్తించాలి, 30 మార్కులు వాటికే. అందుకని పరీక్షా కేంద్రాల చుట్టుపక్కల కట్టుబడి పనులు ఆపిస్తారు, హారన్ కొట్టనివ్వరు. దక్షిణ కొరియా ఇంకా రెండాకులు ఎక్కువే చదివింది. నవంబరులో ఇంగ్లిష్ వినికిడి పరీక్ష జరిగే అరగంట పైచిలుకు సేపు ఆ దేశంలో విమానాలు ఎగరవు, దిగవు.

ఇంత కట్టుదిట్టం చేసినా చైనా పిల్లలకు నోరు పెగలదన్న ఫిర్యాదు అక్కడా ఉంది. చదవడం, టిక్కులు పెట్టడం వచ్చి మాట్లాడడం రాని చదువును వాళ్లు మూగ ఇంగ్లిష్ అని ఎగతాళి చేసుకుంటారు. 1990ల్లో లీ యాంగ్ అనే ఆయన దీనికి విరుగుడంటూ వేలమందిని స్టేడియాల్లో నిలబెట్టి, గొంతు చించుకుని వాక్యాలు అరిపించాడు. ఆ పద్ధతికి ‘క్రేజీ ఇంగ్లిష్’ అని పేరు. ఉర్లా రోలింగ్ మిల్లులో ఆయన శిష్యులు బాగా రాణించేవారు. అక్కడ ఏ భాషైనా అరిస్తేనే వినపడుతుంది.

ఛత్తీస్‌గఢ్ బోర్డు ఇంగ్లిష్ పేపరుకు చెవులతో పని లేదు. చూడని పేరా ఇచ్చి ప్రశ్నలు, నోట్స్ తీయడం, ఉత్తరం, వ్యాసం, వ్యాకరణం, పాఠాల మీద ప్రశ్నలు. మూడు గంటలూ పెన్నుదే రాజ్యం. 33 శాతం వస్తే గట్టెక్కినట్టు. హిందీ మీడియం పిల్లలకు లెక్కలు ఒక గండం, ఇది ఇంకో గండం. కేంద్ర బోర్డు స్కూళ్లలో మాత్రం 20 అంతర్గత మార్కుల్లో వినడానికి 5, మాట్లాడడానికి 5 కేటాయించారు. వాటిని వేసేది ఆ స్కూలు టీచర్లే కాబట్టి ఎవరికి తక్కువ పడతాయో ఊహించుకోండి.

పన్నెండో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ఇంగ్లిష్ వాచకం పేరు ‘ఫ్లమింగో’. అందులో అనీస్ జంగ్ రాసిన ‘లాస్ట్ స్ప్రింగ్’ అని ఒక పాఠం. ఫిరోజాబాద్ గాజుల బట్టీల దగ్గర తరాలుగా కళ్లు పోగొట్టుకుంటున్న కుటుంబాలు, ఆ వృత్తి వద్దు మోటారు మెకానిక్‌నవుతానంటున్న ముకేశ్ అనే కుర్రాడు. ఢిల్లీలోనో ముంబైలోనో ఏసీ క్లాసులో చదివితే అది ఎక్కడో జరిగే కథ. ఉర్లాలో నాన్న ఫర్నేసు దగ్గర నైట్ షిఫ్టు చేసొచ్చి పక్క మంచం మీద నిద్రపోతుంటే చదివితే వేరు. ఇక్కడి పిల్లలకు ఆ పాఠం మీద చెప్పడానికి బోలెడంత ఉంటుంది. బట్టీ దగ్గర ముఖానికి గమ్చా ఎలా చుట్టుకోవాలో, కరిగిన లోహం చిమ్మితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. పేపరు అడిగేది మాత్రం గాజుల కార్మికుల పేదరికానికి కారణాలు ముప్ఫయ్యో నలభయ్యో మాటల్లో రాయమని. వాళ్లు గైడులోవి రాస్తారు.

అదే పుస్తకంలో మొదటి పాఠం అల్ఫాన్స్ డాడే ‘ద లాస్ట్ లెసన్’. ప్రష్యా చేతిలో ఫ్రాన్స్ ఓడిపోయాక అల్సేస్ బడుల్లో ఇక జర్మనే చెప్పాలని బెర్లిన్ నుంచి ఉత్తర్వు వస్తుంది. ఫ్రెంచి మాస్టారు ఆఖరి క్లాసు తీసుకుంటారు. సొంత భాషను పట్టుకుని ఉండండని ఆయన చెప్పిన మాటను మన పిల్లలు మార్కుల కోసం ఇంగ్లిష్‌లో వివరిస్తారు. ఉర్లాలో ఆ జవాబు రాసే పిల్లల్లో ఇంట్లో ఛత్తీస్‌గఢీ, భోజ్‌పురి, ఒడియా, తెలుగు మాట్లాడేవాళ్లు ఉంటారు. ఛత్తీస్‌గఢీకి 2007 నవంబరు 28న రాజభాష హోదా ఇస్తూ అసెంబ్లీ బిల్లు ఆమోదించింది. పాఠం చెప్పేది, మార్కులు వేసేది హిందీ, ఇంగ్లిష్‌లలోనే.

తెలుగు ఇక్కడికి రైలు పట్టాల మీద వచ్చింది. 1931లో బెంగాల్ నాగపూర్ రైల్వే విజయనగరం–రాయపూర్ లైను పూర్తిచేశాక శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లకు రాయపూర్ దగ్గరైపోయింది. గ్యాంగుల్లో, షెడ్లలో, తర్వాత వ్యాగన్ రిపేర్ షాపులో మనవాళ్లు చేరారు. 1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగాక ఇంకొందరు. ఇప్పుడు సమతా ఎక్స్‌ప్రెస్ ఉంది, 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందేభారత్ కూడా తిరుగుతోంది. మూడో తరం తెలుగు పిల్లలు తెలుగు అర్థం చేసుకుంటారు, జవాబు హిందీలో ఇస్తారు. పరీక్ష రాసొచ్చిన కొడుకును తండ్రి “ఏటిరా, ఎలాగ రాసినావు?” అంటే, “అచ్ఛా గయా నాన్నా” అని సమాధానం. బయట చాయ్ కొట్టు దగ్గర ఛత్తీస్‌గఢీలో ‘కా హాల్ హే’. ఇన్ని భాషల మధ్య మసలే పిల్లవాడు నాలుగోదైన ఇంగ్లిష్ దగ్గరకు వచ్చేసరికి నోరు కట్టుకుంటాడంటే, లోపం వాడి నాలుకలో ఉందంటే నేను నమ్మను. నాలుగోదాన్ని మాట్లాడమని ఎవరూ అడగలేదు, అంతే.

ఉర్లాకు ఇంగ్లిష్‌తో పని లేదా అంటే, చాలా ఉంది. షాప్ ఫ్లోర్ మీద హిందీతో బండి నడుస్తుంది. ఆఫీసు గది గడప దాటితే కాగితమంతా ఇంగ్లిష్. లారీ బరువు తూచే ధర్మకాంటా చీటీ మీద గ్రాస్, టేర్, నెట్. లోడుతో పాటు వెళ్లే టెస్ట్ సర్టిఫికెట్‌లో సరుకు ఏ పోతదో చెప్పే హీట్ నంబరు, కార్బన్, సల్ఫర్, ఫాస్ఫరస్ శాతాలు, యీల్డ్ స్ట్రెస్, ఎలాంగేషన్. పైన ఐఎస్ 1786, గ్రేడ్ ఎఫ్ఈ 500డి. ఈ కాగితాన్ని చదివి, అవతల విశాఖలోనో చెన్నైలోనో కొన్నవాడు ఫోన్ చేసి హీట్ నంబరు సరిపోవడం లేదంటే జవాబు చెప్పగలిగినవాడు డిస్పాచ్ గదిలో కూర్చుంటాడు. చెప్పలేనివాడు లోడింగ్ దగ్గర నిలబడతాడు. ఇద్దరూ ఒకే స్కూల్లో ఒకే పేపరు రాసి పాసైనవాళ్లు కావచ్చు. పేపరు వాళ్లను వేరుచేసి చూపలేదు. ఫోన్ చూపింది.

ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియక కాదు. 2020లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం స్వామి ఆత్మానంద్ పేరుతో సర్కారీ ఇంగ్లిష్ మీడియం బడులు తెరిచింది. ఆత్మానంద్ రాయపూర్ దగ్గరి పల్లెలో పుట్టి, రాయపూర్‌లో వివేకానంద ఆశ్రమం, అబూఝ్‌మాడ్ గిరిజనుల కోసం నారాయణపూర్‌లో ఆశ్రమం నెలకొల్పిన సన్యాసి. ఆ బడుల్లో సీట్లకు లాటరీ తీయాల్సి వచ్చింది, అంత గిరాకీ. ఉన్న హిందీ మీడియం బడి భవనాలనే బాగుచేసి ఇచ్చారని, పాత పిల్లలను పక్కకు నెట్టారని ఫిర్యాదులూ వచ్చాయి. తర్వాత వచ్చిన విష్ణుదేవ్ సాయ్ ప్రభుత్వం 2024 హిందీ దివస్ నాడు ఎంబీబీఎస్ హిందీలో చదువుకోవచ్చని ప్రకటించింది. బడి ఇంగ్లిష్‌లోకి, వైద్య కళాశాల హిందీలోకి. మధ్యలో ఉన్న పన్నెండో తరగతి ఎటు తిరగాలో ఎవరూ చెప్పలేదు.

మన వైపు చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2023 జూన్‌లో టోఫెల్ నిర్వాహక సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని సర్కారు బడి పిల్లలకు వినికిడి పరీక్షలు మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, అదీ పోయింది. తెలంగాణ ఇంటర్ బోర్డు ఇంకాస్త నిదానంగా నడిచింది. 2023–24లో మొదటి ఏడాదికి, ఆ తర్వాతి ఏడాది రెండో సంవత్సరానికి ఇంగ్లిష్ ప్రాక్టికల్స్ పెట్టింది. రాతకు 80, ప్రాక్టికల్‌కు 20. మార్కులు దానం చేస్తారన్న అనుమానం దాని మీదా ఉంటుంది, ఉండాలి కూడా. అయినా పిల్లవాడు పుస్తకం మూసి ఎగ్జామినర్ ఎదుట నాలుగు మాటలు సొంతంగా చెప్పక తప్పని రోజంటూ ఒకటి క్యాలెండర్‌లో పడింది.

ఉర్లా లాంటి చోట ఇది కుదరదని, టీచర్లు లేరని, సమయం లేదని అనేవాళ్లున్నారు. టీచర్ల కొరత నిజమే. సమయం లెక్క వేసి చూడొచ్చు. పన్నెండో తరగతిలో 200 మంది ఉన్న పెద్ద స్కూలే తీసుకుందాం. తలా ఐదు నిమిషాలు మాట్లాడిస్తే 1,000 నిమిషాలు, అంటే పదిహేడు గంటలకు కాస్త తక్కువ. రోజుకు ఆరు గంటలు కూర్చుంటే మూడు రోజుల పని. లిట్మస్ కాగితం రంగు చూడడానికి బయటి ఎగ్జామినర్‌ను పిలిపించి, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు ఛత్తీస్‌గఢ్ బోర్డు ఏటా అంతపాటి సమయం ఇస్తూనే ఉంది.