ఆహారం – ఏకాగ్రత: శ్వేతకేతు వృత్తాంత పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆహారానికి, ఏకాగ్రతకు గల సంబంధాన్ని ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతు వృత్తాంతం ఆధారంగా పరిశీలించి, దానిని శరీరశాస్త్ర విషయాలతో పోల్చి, నేటి తరగతి గదికి అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అన్నం, మనస్సు, ధారణ, ఏకాగ్రత, రక్తహీనత.

1. ఉపోద్ఘాతం
విద్యార్థి మనసు పాఠంపై నిలవకపోతే దానిని అశ్రద్ధగా భావించడం పరిపాటి. ఆహార ప్రసక్తి వచ్చినప్పుడు భగవద్గీత 17వ అధ్యాయంలోని సాత్త్విక, రాజస, తామస విభజనను ఉదాహరిస్తుంటారు. అయితే ఆ శ్లోకాలు ప్రధానంగా ఏ గుణం కలవారికి ఏ ఆహారం ప్రియమో తెలుపుతాయి. ఆహారం మనసును ఏ విధంగా పోషిస్తుందన్న ప్రశ్నను నేరుగా చర్చించినది ఛాందోగ్యం 6వ అధ్యాయం.

2. శ్వేతకేతు వృత్తాంతం
శ్వేతకేతువు 12 సంవత్సరాలు గురుకులవాసం చేసి, వేదాలన్నీ అధ్యయనం చేసి ఇల్లు చేరినవాడు. తిన్న అన్నం మూడు విధాలవుతుందని, స్థూలభాగం మలంగా, మధ్యభాగం మాంసంగా, సూక్ష్మభాగం మనసుగా పరిణమిస్తుందని తండ్రి ఉద్దాలకుడు బోధిస్తాడు. పెరుగును చిలికితే సూక్ష్మాంశం పైకి తేలినట్లే ఇదీ జరుగుతుందని ఉపమానం చెబుతాడు.

అంతటితో ఆగక పరీక్షకు పూనుకుంటాడు. 15 రోజులు అన్నం మాని, నీరు మాత్రం త్రాగమంటాడు. ఆ తరువాత ఋక్కులను, యజుస్సులను, సామాలను వల్లించమంటే శ్వేతకేతువుకు ఏదీ స్ఫురించదు. మిణుగురంత మిగిలిన నిప్పు కణం ఎక్కువ కాల్చలేదని, గడ్డి అందిస్తే అదే ప్రజ్వలిస్తుందని తండ్రి వివరిస్తాడు. భుజించి వచ్చాక శ్వేతకేతువు అడిగినవన్నీ చెప్పగలుగుతాడు.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. చదువు నశించలేదు, దానిని స్మరణకు తెచ్చే శక్తి మాత్రమే సన్నగిల్లింది. శిష్యుని తండ్రి నిందించలేదు, భోజనం చేసి రమ్మన్నాడు.

3. శరీరశాస్త్ర దృష్టి
మెదడు శరీర బరువులో సుమారు 2 శాతమే. విశ్రాంతి స్థితిలో శరీరం ఖర్చుచేసే శక్తిలో అది దాదాపు 20 శాతాన్ని వినియోగించుకుంటుంది. దాని ప్రధాన ఇంధనం గ్లూకోజ్. దానిని మెదడు నిల్వచేసుకోగలిగేది అత్యల్పం. దీర్ఘోపవాసంలో కొవ్వు నుండి ఏర్పడే కీటోన్లు కొంత లోటును తీరుస్తాయి. నిప్పుకణం పూర్తిగా ఆరకపోవడాన్ని ఈ విషయంతో పోల్చవచ్చు. అయితే పోలిక పరిశీలనకే పరిమితం. ఉపనిషత్తులో జీవరసాయనశాస్త్రాన్ని వెదకడం సమంజసం కాదు.

శక్తితోపాటు సూక్ష్మపోషకాలూ ముఖ్యమే. ప్రాణవాయువును చేరవేసే హిమోగ్లోబిన్‌కు, మెదడులో డోపమైన్ తయారీకి ఇనుము అవసరం. అది లోపిస్తే అలసట, అవధాన లోపం కలుగుతాయి.

4. తరగతి గదికి అన్వయం
జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దీని కారణాలలో ఇనుము లోపం ప్రధానమైనది. మన కళాశాలల విద్యార్థినులు ఈ వయోవర్గానికి చెందినవారే. ఉదయం టీతో సరిపెట్టుకొని వచ్చే విద్యార్థికి కెఫీన్ తాత్కాలిక మెలకువనిస్తుంది, పోషణనివ్వదు. పైగా భోజనంతోపాటు త్రాగే టీ శాకాహారంలోని ఇనుము శోషణను తగ్గిస్తుంది. నిమ్మ, ఉసిరి వంటివి పెంచుతాయి.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2023 అక్టోబరులో అల్పాహార పథకం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో 2025 జనవరిలో డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజన పథకం ప్రారంభమయ్యాయి. ఇవి సంక్షేమ చర్యలే కాక, బోధనకు పూర్వరంగాలు కూడా.

5. ముగింపు
ఏకాగ్రతకు సంకల్పం, అభ్యాసం అవసరమే. కాని వాటికి ఆధారం దేహం, దేహానికి ఆధారం అన్నం. వెనుకబడిన విద్యార్థిని అంచనా వేసేముందు అతడు తిన్నాడా అని విచారించడం అధ్యాపక ధర్మంలో భాగమని ఉద్దాలకుని బోధనాపద్ధతి సూచిస్తున్నది.