ఆంగ్లేయుల పూటకూటి యిల్లు

కాశిలో భిక్ష దొరకక కోపించిన వ్యాసుడు శివాజ్ఞచే నా పురమును వీడి మన ద్రాక్షారామమునకు వచ్చెనని శ్రీనాథుని భీమేశ్వరపురాణమున గలదు. పరాయి యూర నాకలి యెట్టివారినైనను కలచివేయును. కావున విద్యకై లండనునకు పోదలచిన మన బాలుర నిమిత్తము అచ్చటి భోజనశాలనుగూర్చి కొంత తెలుపుచున్నాము.

“పబ్” అనునది “పబ్లిక్ హౌస్” అను మాటకు సంక్షేపము. అనగా సర్వజనులకు ప్రవేశముగల యిల్లు. అందు మద్యము విక్రయింతురు. అయినను మన పూర్వపు పూటకూటి యింటివలె పెక్కింట భోజనమును దొరకును. పిండిలో ముంచి వేచిన చేపయు, బంగాళాదుంప ముక్కలును అందు ప్రసిద్ధములు. 1939–45 యుద్ధకాలమున మాంసము, వెన్న, చక్కెర మున్నగువానికి రేషను విధించినను, ఈ రెంటికి విధింపలేదు. ఆదివారమున కాల్చిన మాంసముతో యార్క్‌షైర్ పుడ్డింగు వడ్డింతురు.

అచట సాధారణముగా బల్లయొద్దకు వచ్చి యడుగువారుండరు. బల్ల సంఖ్యను గుర్తుంచుకొని, కౌంటరునకు పోయి, వలసినది చెప్పి, ముందుగనే సొమ్ము చెల్లింపవలెను. ఏ మాంసమో, దేనిలో వేచిరో యడుగుట తప్పుగాదు. గోవుక్రొవ్వులో వేచు చోట్లును గలవు.

మద్యము వలదనుటకు సిగ్గుపడ నక్కరలేదు. ఇంగ్లండు, వేల్సు దేశములలో 2010 నుండి, అడిగినవారికి కుళాయినీరు ఉచితముగా నీయవలెనని నిబంధన గలదు. మద్యమును వర్జించుటకై ఆకలితో మరలిరానేల? అన్నమునకై వ్రతము విడువనేల?