ఏడుస్తోందా, నవ్వుతోందా?

స్వీడిష్ అకాడమీ 1883లో తలపెట్టిన మహానిఘంటువు 2023లో గానీ పూర్తి కాలేదు. మొత్తం 39 సంపుటాలు. ఈ 140 ఏళ్లలో మొదటి సంపుటం ఎంత పాతబడిందంటే 'అలర్జీ' అనే మాటే అందులో లేదు. సరే, అది వాళ్ల తలనొప్పి. నన్ను పట్టుకుని వదలనిది 'హోన్‌గ్రీన్' అనే స్వీడిష్ మాట. ఎదుటివాణ్ని పురుగులా చూస్తూ నవ్వే వెకిలి నవ్వు అది.

'హోన్' అంటే ఎగతాళి. మధ్యయుగంలో ఉత్తర జర్మన్ వర్తకుల భాష నుంచి స్వీడన్ చేరింది. మూలార్థం 'నీచం, తక్కువ'. సిగ్గుకు ఫ్రెంచివాళ్లు వాడే 'ఓంత్' కూడా ఈ వంశానిదే. దాన్ని ఇంగ్లిష్ 'హానర్'కు చుట్టమనుకుంటే పప్పులో కాలేసినట్టే.

అసలు మజా 'గ్రీన్'లో ఉంది. 'గ్రీనా' అనే క్రియకు స్టాక్‌హోమ్‌లో ఏడవడమని అర్థం. దక్షిణాన స్కోనెలో అదే మాటకు నవ్వడమని అర్థం! స్కోనె 1658 దాకా డెన్మార్క్‌ది. డేనిష్‌లోనూ 'గ్రీనె' అంటే నవ్వడమే. జర్మన్‌లోకి వెళ్తే 'గ్రైనెన్' మళ్లీ ఏడుపు. ఇంగ్లిష్ 'గ్రిన్' ఇప్పుడు నవ్వే గానీ, దాని పాత రూపం 'గ్రెన్నియన్' నొప్పితోనో కోపంతోనో పళ్లు బయటపెట్టడం.

ఇంతకీ ముందు పుట్టింది నవ్వా, ఏడుపా? ఈ ప్రశ్నతో కుస్తీ పట్టేవాళ్లను చూస్తే నాకు జాలి. రెండూ కావు! ఆ ధాతువు మనసు జోలికే పోలేదు. మూతి వంకర పోవడం, పెదవులు విడి పళ్లు కనబడటం, అంతవరకే చెప్పింది. మధ్యయుగపు జర్మన్‌లో 'గ్రీనెన్' నవ్వుకూ ఏడుపుకూ గుర్రుమనడానికీ కూడా చెల్లేది. మన 'పళ్లికిలించడం' కూడా పళ్ల సంగతే చెబుతుంది, లోపలి సంగతి చెప్పదు. ఆ తర్వాత ఒక్కో ప్రాంతం ఒక్కో భావాన్ని ఆ మూతికి తగిలించుకుంది. అందుకే వెక్కిరింపు అని తేల్చి చెప్పాలంటే ముందు 'హోన్' చేర్చక తప్పలేదు.

డార్విన్ 1872లో ముఖకవళికల మీద రాసిన పుస్తకంలో ఈ మూతినే పట్టుకున్నాడు. వెక్కిరించేవాడి పైపెదవి ఒక పక్క లేచి కోరపన్ను కనబడుతుందని, అది కరవబోయే జంతువుల నాటి అలవాటని వాదించాడు. స్వీడిష్ నేర్చినవాడై ఉంటే పండగ చేసుకునేవాడు.

ఇదంతా దేనికి పనికొస్తుందని అడిగేవారు ఉండనే ఉంటారు. స్వీడిష్ నవల అనువదించేటప్పుడు రచయితది ఏ ఊరో ముందు కనుక్కోండి. లేకపోతే పెళ్లిపందిట్లో అందరూ బావురుమంటారు.