రద్దయిన సీరియల్‌కు ప్రాణం పోసిన డిస్కు
ఖరగ్‌పూర్ తెలుగువారికి అమెరికా కార్టూన్ చెప్పే పాఠం

ఖరగ్‌పూర్: 1,072.5 మీటర్ల పొడవుతో 2013 వరకు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరొందిన రైల్వే ప్లాట్‌ఫారం ఇక్కడిది. ఈ ప్లాట్‌ఫారంపై దిగిన తెలుగు ప్రయాణికునికి పరాయి రాష్ట్రంలో అడుగుపెట్టామన్న భావన వెంటనే కలగదు. టీ దుకాణాల వద్ద, రైల్వే క్వార్టర్ల వరండాలలో తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ కర్మాగారం నెలకొల్పిన నాటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల కుటుంబాలు ఉద్యోగాల కోసం తరలివచ్చి, తరాల తరబడి ఇక్కడే స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించడానికి ఈ పట్టణంలోని తెలుగువారే ప్రధాన కారణం.

అయినా వినోద వ్యాపారం దృష్టిలో వీరు చాలాకాలం లెక్కకు రాని ప్రేక్షకులుగానే ఉండిపోయారు. పలు భాషల వారు నివసించే పట్టణంలో థియేటర్ యజమాని అందరినీ దృష్టిలో ఉంచుకునే బొమ్మ వేస్తాడు. దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రసారమయ్యే ప్రాంతీయ భాషా చిత్రాలలో తెలుగు వంతు ఎప్పుడో గాని వచ్చేది కాదు. తెలుగు ఉపగ్రహ చానళ్లు 1995లో గాని ప్రారంభం కాలేదు. అంతవరకు రాష్ట్రం వెలుపలి తెలుగు కుటుంబానికి సొంత భాషలో సినిమాను ఇంటి ముంగిటకు తెచ్చినది విసిఆర్, అద్దె కేసెట్. ఆ తరువాత విసిడి, డివిడి వచ్చాయి.

చెల్లాచెదురుగా ఉన్న ప్రేక్షకులు వ్యాపారుల లెక్కలోకి ఎక్కడం ఎలా? ఈ ప్రశ్నకు సమాధానం విచిత్రంగా ఒక అమెరికన్ కార్టూన్ సీరియల్ చరిత్రలో దొరుకుతుంది.

రద్దు, పునర్జన్మ

సేథ్ మెక్‌ఫార్లేన్ సృష్టించిన 'ఫ్యామిలీ గై' 1999 జనవరి 31న ఫాక్స్ టివిలో ప్రారంభమయింది. తెలివితక్కువ తండ్రి, మాటలు నేర్చిన కుక్క, తల్లిని మట్టుపెట్టాలని పథకాలు వేసే పసివాడు ఇందులోని పాత్రలు. రాజకీయ నాయకులు, సినీతారలు, మతాచారాలు, చివరకు సొంత చానల్ కూడా దీని వెక్కిరింతకు గురికాక తప్పలేదు. బొమ్మలతో నడిచినా ఇది పెద్దలకు ఉద్దేశించిన హాస్యం. ప్రసార వేళలు పదేపదే మారడంతో ప్రేక్షకులు నిలవలేదు. రేటింగులు చాలవని ఫాక్స్ 2002లో సీరియల్‌ను రద్దు చేసింది.

కథ అంతటితో ముగియవలసింది. 2003 ఏప్రిల్ 15న తొలి రెండు సీజన్ల 28 భాగాలతో డివిడి సెట్టు విడుదలయింది. దాదాపు అదే సమయంలో కార్టూన్ నెట్‌వర్క్ రాత్రి వేళ పెద్దల కోసం నడిపే 'అడల్ట్ స్విమ్' విభాగం పాత భాగాలను పునఃప్రసారం చేయసాగింది. ఆ తొలి సెట్టు కాలక్రమంలో సుమారు 22 లక్షలు అమ్ముడయింది. లెక్కలు చూసుకున్న ఫాక్స్ మనసు మార్చుకుని కొత్త భాగాలకు ఆర్డరు ఇచ్చింది. 2005 మే 1న సీరియల్ మళ్లీ తెరపైకి వచ్చింది. డిస్కుల అమ్మకాల బలంతో రద్దయిన టివి సీరియల్ తిరిగి ప్రాణం పోసుకోవడానికి దీనినే తొలి ఉదాహరణగా చెబుతారు.

ఇందులోని ఆర్థిక సూత్రం సులువైనదే. టివి చానల్ ప్రేక్షకులను ప్రకటనదారులకు అమ్ముతుంది. డిస్కు తయారీదారు కార్యక్రమాన్ని ప్రేక్షకునికి అమ్ముతాడు. మొదటి పద్ధతిలో ఒక నిర్ణీత గంటలో ఎందరు టివి ముందు కూర్చున్నారన్నదే ముఖ్యం. రెండవ పద్ధతిలో ఎవరు ఎక్కడ ఉన్నా, ఎప్పుడు చూసినా, జేబులోంచి తీసిన ప్రతి పైకం ఒక ఓటు అవుతుంది. గంటల లెక్కలో ఓడిన సీరియల్ ఓట్ల లెక్కలో నెగ్గింది.

చానల్ వెనుకంజ వేసిన చోట డిస్కు ముందుకు వెళ్లిన సందర్భం కూడా ఉంది. యూదుల పట్ల అపహాస్యంగా తోచవచ్చునన్న భయంతో ఫాక్స్ నిలిపివేసిన ఒక భాగం, టివిలో రాకముందే 2003 సెప్టెంబరులో వెలువడిన రెండవ డివిడి సెట్టు ద్వారా ప్రేక్షకులకు చేరింది. 2003లో ప్రసారం ఆగిపోయిన మరో కార్టూన్ 'ఫ్యూచురామా' కూడా 2007లో నేరుగా డివిడిగా విడుదలైన చిత్రంతోనే తిరిగి వచ్చింది.

నకలు తెచ్చే కీర్తి, నకలు తేని కూలి

వీడియో నకళ్లన్నీ కళకు శత్రువులే అనడం కూడా సరికాదు. 1995లో ఒక టివి అధికారి మిత్రులకు క్రిస్మస్ శుభాకాంక్షలుగా పంపేందుకు ట్రే పార్కర్, మాట్ స్టోన్ అనే ఇద్దరు యువకుల చేత కొద్ది నిమిషాల బొమ్మల చిత్రం చేయించారు. ఆ కేసెట్ నకలుకు నకలుగా హాలీవుడ్ అంతటా తిరిగింది. దాని పుణ్యమా అని 1997 ఆగస్టు 13న 'సౌత్ పార్క్' సీరియల్ కామెడీ సెంట్రల్ చానల్‌లో ప్రారంభమయింది.

అయితే నకలు తెచ్చిపెట్టింది కీర్తిని మాత్రమే. కూలి ముట్టింది చట్టబద్ధమైన ప్రసారాలు, అమ్మకాలు మొదలయిన తరువాతనే. మన దేశంలో వీడియో వ్యాపారం చాలావరకు ఈ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. కేసెట్ల చౌర్యాన్ని అరికట్టడానికి పార్లమెంటు 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించింది. ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. కేసెట్ అట్టపై తయారీదారు పేరు, చిరునామా ఉండాలని కూడా నిర్దేశించింది. చట్టం ఉన్నా వీధి చివర దుకాణాలలో నకళ్ల వ్యాపారం ఆగలేదు.

దీనికి మూలం ధరలో ఉంది. దొంగ డిస్కు చౌక, అసలు డిస్కు ఖరీదు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ తెలుగు సహా పలు భాషల చిత్రాల విసిడిలను 28 రూపాయలకు, డివిడిలను 34 రూపాయలకు అమ్మకానికి పెట్టి ఈ ముడిని విప్పడానికి ప్రయత్నించింది. అసలు సరుకు నకలుతో పోటీ పడగల ధరకు దొరికితే కొనేవారు ఉంటారన్నది ఆ సంస్థ నమ్మకం. కాని అప్పటికే డిస్కుల యుగానికి పొద్దు వాలుతోంది. అప్పుల భారంతో కుంగిన ఆ సంస్థను మూసివేసి ఆస్తులు అమ్మాలని 2018లో ఆదేశాలు వెలువడ్డాయి.

ఖరగ్‌పూర్ వంటి పట్టణాలకు జరిగిన నష్టం ఇక్కడే ఉంది. అద్దెకు తెచ్చిన నకలు కేసెట్‌ను ఇల్లంతా కూర్చుని చూసినా ఆ ఇల్లు నిర్మాత ఖాతాలోకి ఎక్కలేదు. ఇక్కడ ఇందరు తెలుగు ప్రేక్షకులు ఉన్నారని చెప్పే రసీదు ఎవరి చేతిలోనూ లేకపోయింది. అమెరికాలో ఆ కార్టూన్ అభిమానులకు దక్కిన ఓటు హక్కు మనవారికి దక్కలేదు.

కార్టూన్ పిల్లలకేనా?

ఇంట్లో చూసే వీడియోకు మరో చిక్కు ఉంది. బొమ్మలు కదిలితే చాలు అది పిల్లలదేనని మన ఇళ్లలో గట్టి నమ్మకం. 'ఫ్యామిలీ గై', 'సౌత్ పార్క్' వంటివి అట్ట మీది రంగులు చూసి పిల్లలకు అందించదగినవి కావు. థియేటర్ వద్ద 'ఎ' సర్టిఫికెట్ చిత్రానికి పిల్లలను ఆపే ద్వారపాలకుడు ఉంటాడు. నట్టింట్లో ఆ పాత్ర తల్లిదండ్రులదే. అందుకే 1984 సవరణ, సర్టిఫికెట్ అవసరమైన వీడియోల అట్టపై దాని నకలు కూడా ముద్రించాలని షరతు పెట్టింది. అట్టే లేని దొంగ డిస్కుకు ఆ హెచ్చరిక కూడా ఉండదు. నకలు వల్ల నిర్మాత సొమ్ముతో పాటు ఇంటివారి విచక్షణకు ఆధారమూ పోతుంది.

2021 నిబంధనలు ఇంటర్నెట్ ప్రసార సంస్థలకు కూడా 7, 13, 16 ఏళ్ల వయో వర్గీకరణను, పెద్దలకు 'ఎ' గుర్తును తప్పనిసరి చేశాయి. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం సినిమాలలో 'యుఎ' విభాగాన్ని అదే మాదిరిగా విడగొట్టింది. గుర్తు ఉన్నంత మాత్రాన చాలదు, ఇంట్లో దానిని చదివేవారు ఉండాలి.

అల్మారాలోని ఆస్తి

జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016లో విసిఆర్‌ల తయారీ నిలిపివేయడంతో కేసెట్ యుగానికి తెర పడింది. డిస్కులూ అరుదైపోయాయి. నెలవారీ చందా కడితే వేలాది కార్యక్రమాలు దొరుకుతున్నాయి. పరాయి రాష్ట్రంలోని తెలుగు కుటుంబానికి ఇది నిస్సందేహంగా మేలే. ఎవరు ఏమి చూశారో ఈ సంస్థలకు క్షణాలలో తెలుస్తుంది కనుక ఖరగ్‌పూర్ ప్రేక్షకుడు కూడా ఇప్పుడు లెక్కలోకి వచ్చాడు.

అయితే లెక్క చందా సంస్థ వద్దే ఉంటుంది, సరుకూ దాని వద్దే ఉంటుంది. మైకేల్ జాక్సన్ గొంతు వినిపించే 1991 నాటి 'ది సింప్సన్స్' భాగాన్ని 2019లో నిర్మాతలు ప్రసారాల నుంచి ఉపసంహరించారు. చందాదారులకు అది కనుమరుగయింది. పాత డివిడి సెట్టు కొనుక్కున్నవారి ఇంట మాత్రం అల్మారాలో భద్రంగా ఉంది. ఉపసంహరణ తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. కొనడానికి, అద్దెకు ఉండడానికి మధ్య తేడాను మాత్రం అది స్పష్టం చేసింది.

రైల్వే క్వార్టర్‌లో ఏళ్ల తరబడి నివసించిన కుటుంబానికి ఆ తేడా ఒకరు చెప్పనక్కరలేదు. పదవీ విరమణ నాడు ఇల్లు ఖాళీ చేయక తప్పదు. సొంతానికి కొనుక్కున్న సామానే వెంట వస్తుంది. రద్దయిన ఒక కార్టూన్‌ను బతికించిన శక్తి ఆ చిన్న కొనుగోలులోనే ఉంది. తెలుగు చిత్రాల హక్కుదారులు సరసమైన ధరకు, చట్టబద్ధంగా, కొనుక్కుని దాచుకోగల రూపంలో తమ చిత్రాలను అందిస్తే రాష్ట్రం వెలుపలి తెలుగువారు ఎందరో అప్పుడు తేలుతుంది. ఆ ఓటు వేసే అవకాశం ఇంతకాలం వారికి ఎవరూ ఇవ్వలేదు.